ఈస్టరు నాడు జర్మనీ మింగిన గంట

యూరప్‌లో ఏడాదికి రెండుసార్లు గడియారాలు తిప్పుతారన్న వార్త ఇప్పటికీ పేపర్లో ఓ మూల వస్తుంటుంది. ఎవరికీ పట్టని ఆ నాలుగు వాక్యాలు కంటబడితే నేను కుర్చీలో కూర్చోలేను. గోడ గడియారం ముందుకెళ్ళి నిలబడి, వాళ్ళకిప్పుడెంత, మనకిప్పుడెంత అని లెక్క తేల్చుకున్నాకే కాఫీ ముట్టుకుంటాను. ఇది 1980 ఏప్రిల్ 6 నుంచి పట్టుకున్న అలవాటు. ఆ రోజు ఆదివారం, ఈస్టరు పండగ.

అప్పుడు మేము ఫరీదాబాద్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేసేవారు, నేను ఆసుపత్రిలో నర్సుని. టైము రాయకుండా మాత్ర ఇవ్వకూడదని మాకు శిక్షణలో నూరిపోశారు. ఆ జబ్బు ఇంట్లోకి కూడా పాకింది. పాలు ఎప్పుడు పొంగాయో, కుళాయి ఎప్పుడు ఆగిందో అడిగితే చెప్పగలిగేదాన్ని. "మా ఇంట్లో భార్య లేదండీ, స్టేషన్ మాస్టరుంది" అని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

మా ఆడపడుచు కూడా నర్సే. 1973 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో ఉద్యోగానికి వెళ్ళింది. వెళ్ళిన మరుసటి నెలలోనే అక్కడ పెట్రోలుకు కరువొచ్చి, ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. "వదినా, ఇంత వెడల్పు రోడ్డు మీద జనం పిల్లల్ని వేసుకుని నడుస్తున్నారు, ఒకాయన గుర్రమెక్కి వచ్చాడు" అని సంబరంగా రాసింది. మా సెక్టారులో ఆదివారమే కాదు, ఏ వారమూ కారు కనపడేది కాదు. ఆ ఒక్క విషయంలో మేము జర్మనీ కంటే ముందున్నామని మా ఆయన జవాబు రాశారు.

1976లో మామగారు పోయాక అత్తగారు గుంటూరు జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చేశారు. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో యూరప్ వార్తలు మొదలయ్యాయి. కూతురున్న ఖండం కదా, అక్కడ ఏం జరుగుతోందో ఆవిడకు తెలియాలి. ఆడపడుచు పంపే బొమ్మల పత్రికలు, లండన్ నుంచి వచ్చే రేడియో, మన ఇంగ్లీషు పేపరు, అన్నీ వడగట్టి నేను తెలుగులో చెప్పాలి. అత్తగారు మంచం మీద వక్క కొరుకుతూ వినేవారు. దేశాలు ఆవిడకు ఒకే వీధిలో ఇళ్ళు. ఫ్రాన్సు ఇంటివాళ్ళకు అతిశయం, ఇటలీ ఇంట్లో నెలకో పెద్దమనిషి మారతాడు, ఇంగ్లండు ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక సమ్మె. 1979 జనవరిలో ఇంగ్లండులో ఒకచోట సమాధులు తవ్వేవాళ్ళు కూడా సమ్మెకు దిగారని చదివితే, ఆవిడ వక్క నమలడం ఆపి, "మరి చచ్చేవాళ్ళు కూడా సమ్మె చేసుండాల్సిందే" అన్నారు.

ఇంకోసారి, అక్కడ అమ్ముడుపోని వెన్న కొండల్లా పేరుకుపోయిందని, దాన్నేం చేయాలో తెలియక పెద్దలందరూ సభ పెట్టారని చదివాను. ఆ పొద్దున్నే నేను పాల బూత్ దగ్గర క్యూలో నిలబడి ఖాళీ సీసాలతో తిరిగొచ్చాను. "సభ ఎందుకే? మన అడ్రసు రాయకపోయావా" అన్నారు అత్తగారు.

ఇలా హాయిగా సాగుతుండగా 1980 ఫిబ్రవరిలో ఆడపడుచు దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరంలో వార్త యూరప్‌ది కాదు, మాదే అయింది.

ఆమెకప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేసే జర్మన్ అతన్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటోంది. తల్లి ఇష్టం లేకుండా చేసుకోదు. ఈస్టరు రోజున మధ్యాహ్నం మూడు గంటలకు నర్సుల హాస్టల్లో ఫోను దగ్గర కూర్చుంటుంది. మూడున్నరకు డ్యూటీకి వెళ్ళిపోవాలి. "అమ్మా, వద్దని నీ నోటితో అనక్కర్లేదు. ఫోను చేయకు, అంతే. నాకు అర్థమవుతుంది. మంగళవారం రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చేస్తాను. నీ మీద కోపం పెట్టుకోను" అని రాసింది.

చదివి నేను తలెత్తాను. అత్తగారు గోడకేసి చూస్తున్నారు. అటే చూస్తూ, "తెల్లవాడా?" అన్నారు.

"అవునత్తయ్యా."

"గుడికి పోతాడా?"

"పోతాడట. అయితే ఆర్.సి.ఎం. వాళ్ళు."

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. రోమన్ కేథలిక్కులను మావైపు అలాగే అంటారు. మాది లూథరన్ గుడి. మామగారు నలభై ఏళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. "తెల్లవాడంటే తెల్లవాడు, వాడి రంగు వాడిష్టమా? ఆర్.సి.ఎం. ఏమిటే? లూథరుగారు పుట్టిన దేశానికి ఏరికోరి పోయి, ఆర్.సి.ఎం. వాణ్ణి పట్టుకుందా ఇది!"

ఆ తరవాత నెల రోజులు ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. నేను యూరప్ వార్తలు చదివినా చప్పగా వినేవారు. సరే అంటే కూతురు ఇక అక్కడి మనిషే. వద్దంటే కూతురు ఇంటికొస్తుంది, ముఖం మాత్రం ఎలా పెట్టుకుని వస్తుందో. మార్చి చివర్లో ఒక ఉదయం నేను డ్యూటీకి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, "అమ్మాయ్, ఆ ఫోను బుక్ చెయ్యి" అన్నారు.

నా చేతిలో చెప్పు జారిపడింది. "అంటే సరేనన్నట్టేనా అత్తయ్యా?"

"ఫోను చెయ్యమన్నాను గానీ సరేనన్నానా? తిట్టడానికైనా ఫోను కావాలి కదా."

మా ఇంటి పక్కన లేత్ వర్క్‌షాపు నడిపే పంజాబీ కుటుంబం ఉండేది. మా వరస మొత్తానికీ ఫోను వాళ్ళింట్లోనే. ఆ ఇంటావిడను మేము భాభీజీ అనేవాళ్ళం. శనివారం పొద్దున వాళ్ళింట్లోంచే విదేశీ కాల్ బుక్ చేశాను. వాళ్ళ మూడు గంటలంటే మనకు ఏడున్నర. నాలుగున్నర గంటల తేడా నాకు నిద్రలో కూడా వచ్చు. సాయంత్రం ఏడున్నరకు ఫలానా మనిషికే కలపాలని చెప్పి, పేరు అక్షరం అక్షరం రాయించాను.

నిజానికి ఆ వారమే ఇంకో వార్త కూడా చదివాను. ఏప్రిల్ ఆరు తెల్లవారుజామున రెండు గంటలకు జర్మనీ గడియారాలన్నీ మూడుకు తిప్పుతారట. ఎండాకాలం వెలుతురు ఎక్కువసేపు వాడుకోవచ్చట. తూర్పు జర్మనీ కూడా అదే రాత్రి తిప్పుతోందట. మధ్యలో గోడ కట్టుకుని పలకరింపులు లేని ఆ ఇద్దరూ గడియారం దగ్గర మాత్రం ఒక మాట మీదకొచ్చారని మా ఆయన పడీపడీ నవ్వారు. పాలు పితికే వేళ మారితే ఆవులు ఒప్పుకోవని రైతులు గోల పెడుతున్నారని చదివితే, "ఆవుకెవరు చెబుతారే పాపం" అని అత్తగారు కూడా చాలా రోజుల తరవాత నవ్వారు. ముగ్గురం కలిసి అంత నవ్వుకున్నాం. ఆ వార్తకూ మా ఫోనుకూ సంబంధం ఉందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. యూరప్ వార్త అంటే నవ్వుకోవడానికే అన్న అలవాటు పడిపోయింది మాకు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకెళ్ళి ఆరాధన చేసుకొచ్చాం. పాస్టరుగారు "క్రీస్తు లేచెను" అనగానే అందరం "నిజముగా లేచెను" అన్నాం. అత్తగారి గొంతు అందరికంటే పైన వినపడింది. మధ్యాహ్నం కోడి పలావు. నాలుగింటికల్లా ఆవిడ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, ఫోనులో కనపడతానన్నట్టు తయారై కూర్చున్నారు.

అయిదు గంటల ముప్ఫై అయిదు నిమిషాలకు అడిగారు: "అమ్మాయ్, ఆ మూడు గంటలు పాత టైమా, కొత్త టైమా?"

"అదేమిటత్తయ్యా?"

"యుద్ధం రోజుల్లో మనకూ తిప్పారుగా గడియారం. మన గుడి గంట పాత టైముకు కొట్టేవాళ్ళు, రైలు కొత్త టైముకు పోయేది. మీ మామగారు స్టేషనుకు పోయి, పోయిన రైలు కోసం కూర్చుని ఇంటికొచ్చారు. అందుకని అడిగా."

అప్పుడు తట్టింది. ఆడపడుచు మూడు గంటలంటే తన చేతి గడియారంలో మూడు. ఆ గడియారం రాత్రే ముందుకు జరిగింది.

"ఏమండీ!" అని అరిచాను. మా ఆయన నిద్ర కళ్ళతో వచ్చారు. సంగతి విని తీరిగ్గా తల ఊపారు. "ముందుకు తిప్పారు కదా. అయితే ఓ గంట తరవాత చేయాలి. ఎనిమిదిన్నర. బోలెడు టైముంది, టీ పెట్టు."

"తరవాత కాదండీ, ముందు!"

"ముందుకు తిప్పితే ముందెలా అవుతుందోయ్? నేను ఇంజనీర్ని."

"టూల్‌రూమ్‌లో!"

"గడియారం టూలు కాదా?"

"మీ లెక్కలు తెగేలోపు అది డ్యూటీకి పోతుంది" అన్నారు అత్తగారు.

నేను టైంపీసు తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కన మా ఆయన చేతి గడియారం విప్పించి పెట్టాను. "ఇది మనం. అయిదూ నలభై. నాలుగున్నర తీసేయండి." టైంపీసును ఒంటిగంటా పదికి తిప్పాను. "ఇది నిన్నటి జర్మనీ. ఇప్పుడు గంట ముందుకు." రెండూ పది చేశాను. "ఇది ఇవాళ్టి జర్మనీ. మూడుకు ఇంకెంత?"

మా ఆయన వంగి చూశారు. పెదాలు కదిలాయి. "యాభై నిమిషాలు" అన్నారు మెల్లగా. తరవాత గట్టిగా, "అయ్యబాబోయ్, ఆరున్నరకే కూర్చుంటుంది! ఏడింటికి వెళ్ళిపోతుంది! మన ఫోను ఏడున్నరకు!"

మనం చేయలేదనుకుంటుంది. చేయలేదంటే వద్దని. మంగళవారం రాజీనామా. ఇదంతా ఎవరూ పైకి అనలేదు. అత్తగారు అప్పటికే చెప్పులు లేకుండా గుమ్మం దాటారు.

భాభీజీ ఇంటికి తాళం. చుట్టాలింట్లో పిల్లాడి పుట్టువెంట్రుకలకు వెళ్ళి ఏడింటికల్లా వచ్చేస్తామని పొద్దున్నే చెప్పారు. కుళాయి నీళ్ళు పట్టిపెట్టమని ఇంటి తాళంచెవి నాకే ఇచ్చారు, అదృష్టం. లోపలికి ఉరికాం. ఫోను బల్ల మీద ఎర్ర ముఖమల్ గుడ్డ కప్పుకుని దర్జాగా ఉంది. గుడ్డ తీశాను. డయలుకు వేలెడంత ఇత్తడి తాళం. దాని చెవి భాభీజీ నడుముకు వేలాడే గుత్తిలో ఉంటుంది.

అవతలివాళ్ళు చేస్తే మోగుతుంది. మనం చేయడానికి లేదు. ఏడున్నరకు బుక్ చేసిన కాల్ ఏడున్నరకే వస్తుంది.

"తాళం పగలగొట్టరా" అన్నారు అత్తగారు.

"పండగపూట పరాయి ఇంట్లోనా అమ్మా?"

"మరి ఏం చేస్తావు, ఇంజనీరువి?"

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి చొక్కా చేతులు మడిచారు. "మా ఆఫీసు ఫోనుకు కూడా తాళమే. అయినా బిల్లు తగ్గదు. ఎందుకు తగ్గదో నాకు తెలుసు." రిసీవరు ఎత్తి, అది కూర్చునే మీటను వేలితో టకటక కొట్టడం మొదలెట్టారు. అంకె ఎంతయితే అన్ని కొట్లు, తరవాత కాస్త ఆగాలి, మళ్ళీ కొట్లు. డయలు తిరిగితే లోపల జరిగేది కూడా అంతేనట.

మొదటిసారి ఎవరో సర్దార్జీ ఎత్తారు. "కౌన్?"

"గలత్ నంబర్ జీ, హ్యాపీ ఈస్టర్" అని పెట్టేశారు మా ఆయన.

"మీరు కొట్టండి, నేను లెక్కపెడతాను" అన్నాను. ఇద్దరం కలిసి పట్టాలెక్కాం. ఆయన వేలు, నా గొంతు. రెండోసారికి ఆపరేటరు అమ్మాయి పలికింది. నేను రిసీవరు లాక్కున్నాను.

"మేడమ్, మీ కాల్ సెవెన్ థర్టీకి. ఇవాళ ఈస్టర్. లైన్లన్నీ అక్కడున్న నర్సుల ఇళ్ళవాళ్ళవే. ముందుకు జరపలేను" అంది హిందీలో, అలసిపోయి.

"అమ్మా, జర్మనీలో నిన్న రాత్రి గడియారాలు గంట ముందుకు తిప్పారు. ఏడున్నరకు అక్కడ ఎవరూ ఉండరు."

అటునుంచి, "అచ్ఛా! అందుకా! నేను డ్యూటీకి వచ్చినప్పట్నుంచి జర్మనీ కాల్సులో సగానికి, పిలిచిన మనిషి లేరు, వెళ్ళిపోయారు అంటున్నారు. లైను పాడైందనుకున్నాం." వెనక్కి తిరిగి ఎవరికో ఆ సంగతి గట్టిగా చెప్పింది. అక్కడ కలకలం నాకు వినపడింది. మళ్ళీ నాతో, "మీరు పెట్టేయండి దీదీ. లైను దొరికితే మీకే. కాదనను, అవుననను" అంది.

అప్పుడు ఆరూ పది. భాభీజీ హాల్లో పెద్ద సోఫా ఉంది గానీ ముగ్గురం నిలబడే ఉన్నాం. ఆరున్నర దాటింది. ఆరూ నలభై. బయట పిల్లలు క్రికెట్ ఆపి ఇళ్ళకు పోతున్నారు. అత్తగారి పెదాలు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాయి, చూపు మాత్రం ఫోను మీద. మా ఆయన ఆవిడ వైపు వంగి, "అమ్మా, ఇంతకీ ఏం చెబుతావు?" అని అడిగారు.

"నీకెందుకురా? నీకా పెళ్ళి?"

ఏడుకు నాలుగు నిమిషాలుందనగా మోగింది. అంత పెద్ద మోత ఫరీదాబాద్‌లో ఏ ఫ్యాక్టరీ సైరనూ పెట్టలేదు. "జర్మనీ లైన్ పర్ హై, బాత్ కీజియే" అంది ఆపరేటరు. నేను రిసీవరు అత్తగారి చెవికి ఆనించి, నా తల కూడా ఆనించాను. మా ఆయన తల వెనకనుంచి.

సముద్రం హోరులాంటి చప్పుడు. అందులోంచి, "అమ్మా?"

ఆరున్నరేళ్ళ తరవాత ఆ గొంతు. "అమ్మా, కోటు వేసేసుకున్నాను. ఇక రాదనుకున్నాను. మెట్ల దాకా వెళ్ళి..." అని ఏడుపు.

అత్తగారు గొంతు సవరించుకున్నారు. గుళ్ళో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు. "క్రీస్తు లేచెను" అన్నారు.

కూతురు ఏడుస్తూనే, "నిజముగా లేచెను అమ్మా."

"తిన్నావా?"

"తిన్నాను."

"అన్నమేనా?"

"అన్నమే. నీకు... నీకు కోపమా అమ్మా?"

నేను వేలితో గాలిలో అంకె చూపించాను. బుక్ చేసింది మూడు నిమిషాలు. ఒకటి అయిపోయింది. అత్తగారు నా వేలు పక్కకు తోసేశారు. "ఆ పిల్లాడున్నాడా అక్కడ?"

"ఉన్నాడు. ఇద్దరం పొద్దున్నించీ ఇక్కడే..."

"ఇవ్వు."

"అమ్మా, అతనికి తెలుగు రాదు!"

"నేనిమ్మన్నాను."

రిసీవరు చేతులు మారిన చప్పుడు. అటు ఎవరో పెద్ద ఊపిరి తీసుకోవడం వినపడింది. అత్తగారు, మా గుళ్ళో పాస్టరుగారు అన్నట్టే, ఒక్కో మాటా విడదీసి, "క్రీస్తు... లేచెను" అన్నారు.

ఏమీ లేదు. హోరు. మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. నాకు ఎదురుగా గడియారంలో సెకన్ల ముల్లు పరిగెడుతోంది.

అప్పుడొచ్చింది, లావుపాటి మగగొంతు, రాళ్ళ మీద బండి నడిచినట్టు. "నిజ... ముగా... లేచెను. అమ్మగారు."

అత్తగారు రిసీవరు చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి దానికేసి చూశారు, అందులో మనిషి ఉన్నాడేమోనన్నట్టు. మళ్ళీ పెట్టుకున్నారు. "ఆర్.సి.ఎం. అయినా చక్కగానే అన్నావు నాయనా" అన్నారు. అతనికి ఏం అర్థమైందో గానీ "యా, యా, యా" అన్నాడు ఆత్రంగా. వెనక కూతురి నవ్వు, ఏడుపు రెండూ కలిసి వినపడుతున్నాయి.

"త్రీ మినిట్స్ ఓవర్" అంది ఆపరేటరు. టక్కుమని లైను పోయింది.

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది. "అత్తయ్యా! మీరు సరే అనలేదు!"

"అబ్బా, అమ్మా! అసలు మాటే మర్చిపోయావు!" అని మా ఆయన తల పట్టుకున్నారు. "మళ్ళీ కొట్టనా?"

ఆవిడ నింపాదిగా సోఫాలో కూర్చుని, ఎర్ర ముఖమల్ గుడ్డ తీసి ఫోను మీద సర్ది కప్పారు. "టైముకు ఫోను చేశాం కదరా. అది అడిగింది అదేగా. ఇంకా సరే అని వేరే చెప్పాలా దానికి?"

సరిగ్గా అప్పుడే భాభీజీ, చేతిలో మిఠాయి డబ్బాతో గుమ్మంలోకి వచ్చి, తన హాల్లో మమ్మల్నీ, మా ఆయన మడిచిన చొక్కా చేతుల్నీ చూసి ఆగిపోయారు. కళ్ళు నేరుగా ఫోను దగ్గరికెళ్ళాయి. గుడ్డ ఎత్తి చూశారు. తాళం వేసింది వేసినట్టే ఉంది. "మాతాజీ, ఫోన్ హో గయా? కైసే?"

"హో గయా" అన్నారు అత్తగారు. నాలుగేళ్ళలో నేర్చుకున్న హిందీ అంతా కూడదీసుకుని, "బేటీ కా షాదీ" అన్నారు.

భాభీజీ కెవ్వున అరిచి ఆవిడను వాటేసుకున్నారు. డబ్బా తెరిచి ఒక లడ్డు ఆవిడ నోట్లో కుక్కారు. "ముబారక్ హో! దామాద్ క్యా కర్తే హై?" అని అల్లుడి ఉద్యోగం అడిగారు.

అత్తగారు లడ్డు నములుతూ కాసేపు ఆలోచించారు. ఎక్స్‌రే అన్న మాట తట్టలేదో, తట్టినా అది ముఖ్యం కాదనిపించిందో. "ఆర్.సి.ఎం." అన్నారు.

"అచ్ఛా!" భాభీజీ కళ్ళు పెద్దవయ్యాయి. "బడీ నౌకరీ హై?"

మా అత్తగారు నావైపు ఒక చూపు చూసి, నెల రోజులుగా గుండెల మీద మోస్తున్న ఆ మూడక్షరాలనూ మొదటిసారి హాయిగా కిందకు దించి, "హా, బహుత్ బడీ" అన్నారు. చెప్పి, రెండో లడ్డు కోసం చెయ్యి చాచారు.